స్నేహితుడి అప్పుకు హామీ సంతకం పెట్టాను. ఇప్పుడు అతని సంగతి అందరికీ చెప్పాలా?

కృష్ణాతీరం | ఆదివారం, ఉదయం 6:52

ఇక్కడ నేను చదివేవాణ్ణే తప్ప రాసేవాణ్ణి కాను. ఈసారి రాయక తప్పలేదు. కాస్త ఓపికగా చదవండి.

2019లో నా చిన్ననాటి స్నేహితుడు ఆఫ్‌సెట్ ప్రింటింగ్ ప్రెస్ పెట్టాడు. మిషను కోసం బ్యాంకులో 6 లక్షల అప్పు తీసుకున్నాడు. హామీదారు కావాలన్నారు. పదో తరగతి వరకు ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లం. మా నాన్నగారు పోయినప్పుడు పదకొండు రోజులూ మా ఇంట్లోనే ఉండి పనులన్నీ తన నెత్తిన వేసుకున్నవాడు. కాగితాలు తిరగేయకుండానే సంతకం పెట్టాను.

పెళ్లి శుభలేఖలు, కరపత్రాల మీద బతికే ప్రెస్ అది. 2020లో పెళ్లిళ్లు ఆగిపోయాయి. ఆ దెబ్బ నుంచి తేరుకోలేక ఈడ్చుకుంటూ వచ్చి చివరికి మూతపడింది. ఇదంతా నాకు పైపైన తెలుసు. వాయిదాలు కడుతున్నావా అని మాత్రం ఎన్నడూ అడగలేదు.

పోయిన నెల మా అమ్మాయి పై చదువుల అప్పు కోసం వేరే బ్యాంకుకు వెళ్లాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్క వాయిదా కూడా తప్పని నాకు క్రెడిట్ స్కోరు 611 అన్నారు. నివేదిక తీయిస్తే అందులో హామీదారుగా నా పేరు, దాని పక్కన 14 నెలల బకాయి. ఈ 14 నెలల్లో అప్పిచ్చిన బ్యాంకు నుంచి నాకు ఒక్క ఉత్తరం రాలేదు. పైగా కౌంటరులో ఉన్న అధికారి "మీ పేరు ఎగవేతల్లో ఉంది కదండీ" అని గొంతు తగ్గించకుండా అన్నారు. పక్క కుర్చీలో మా అమ్మాయి కూర్చుని ఉంది. వెనక వరుసలో మా వీధివాళ్లు ఇద్దరు ఉన్నారు.

నేను అడగదలచినవి రెండు. నేను తినని అప్పుకు నా పేరు ఇలా చెడటం న్యాయమేనా? రెండోదే నన్ను ఎక్కువగా నలిపేస్తోంది. మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో 140 మందిమి ఉన్నాం. వారిలో ఇద్దరి దగ్గర అతను చేబదులు తీసుకున్నాడని ఈ మధ్యే తెలిసింది. ఇప్పుడు మూడో మనిషిని అడుగుతున్నాడట. ఆ నివేదికను గ్రూపులో పెట్టేద్దామని రెండు రాత్రులు రాసి, రెండుసార్లూ చెరిపేశాను.

(సవరణ, గురువారం: "ఒక్క ఉత్తరం రాలేదు" అన్న మాట సరికాదు. కింద బుధవారం నాటి నా పోస్టు చూడగలరు.)

లెక్కలపుస్తకం | ఆదివారం, ఉదయం 8:15

34 ఏళ్లు బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. నా మాట కటువుగా అనిపిస్తే మన్నించండి. "సంతకమే కదా పెట్టాను" అనే ఆలోచన పోనంతకాలం మీకు దారి దొరకదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు అప్పుదారు బాధ్యతతో సమానం. ముందు అతణ్ణి పిండి, ఏమీ రాలకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. ఆ రోజు మీరు బల్ల మీద పెట్టింది సంతకం కాదు, 6 లక్షలు. కాబట్టి ఆ అప్పు మీ నివేదికలో ఉండటం తప్పుడు నమోదు కాదు.

అయితే మీకూ హక్కులున్నాయి. మన దేశంలో క్రెడిట్ సమాచార సంస్థలు నాలుగు. ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తెప్పించండి. మీ చిట్టాను ఏ సంస్థ ఎప్పుడు అడిగి చూసిందో కూడా అందులోనే ఉంటుంది. 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం మీ నివేదికను ఎవరైనా తెప్పించుకుంటే మీకు సందేశం రావాలి. బకాయి వివరాలు పంపేటప్పుడు ఖాతాదారుకు బ్యాంకు తెలియజేయాలి. తప్పుందని మీరు ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి, గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. ముందుగా ఆ బ్యాంకు దగ్గర మీ చిరునామా, ఫోను నంబరు ఏమున్నాయో చూసుకోండి.

ఇంకొక్క మాట. స్కోరును తిట్టేవారికి పాత రోజులు గుర్తుండవు. తెలుగులో అప్పుకూ పేరుకూ మాట ఒకటే, పరపతి. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం బోర్డు మీద ఆ మాటను రోజూ చూస్తూనే ఉంటాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరి పరపతి తెలుసుకోవాలంటే మేనేజరు ఊళ్లోని నలుగురు పెద్దలను అడిగేవారు. ఆ నలుగురికీ గిట్టనివారికి అప్పు పుట్టేది కాదు. కులం, కట్టిన బట్ట, ఇంటి ముందు అరుగు అన్నీ లెక్కలోకి వచ్చేవి. తన గురించి ఎవరు ఏమన్నారో ఆ పేదవాడికి చచ్చేదాకా తెలిసేది కాదు. నోటిమాట మీద ఫిర్యాదు చేసుకునే చోటే లేదు. 2005లో క్రెడిట్ సమాచార సంస్థల చట్టం వచ్చాక నా గురించి రాసింది నేను చూడగలను, తప్పయితే దిద్దమని అడగగలను. ఇది చిన్న విషయం కాదు.

మెతుకుసీమ | ఆదివారం, ఉదయం 11:30

కృష్ణాతీరం అన్నా, మా ఊరి గ్రామ సంఘంలో నేను వీవోఏగా, అంటే సంఘం సహాయకురాలిగా, పుస్తకాలు రాస్తాను. పదహారేళ్లయింది. లెక్కలపుస్తకం సారు చెప్పిన చిట్టా ఒక రకం. మా చిట్టా ఇంకో రకం.

మా పొదుపు సంఘాల్లో పంచసూత్రాలని ఉంటాయి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, వాయిదాల చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. పన్నెండు మందిమి చాప మీద గుండ్రంగా కూర్చుంటాం. ఎవరు ఎంత కట్టారో, ఎవరికి ఎంత బాకీ ఉందో పైకి చదువుతాను. దాపరికం లేదు. ఎందుకంటే ఒకరు కట్టకపోతే రేపు బ్యాంకు వాళ్లు మొత్తం సంఘాన్ని పట్టుకుంటారు. భారం పన్నెండు మందిది, కాబట్టి చూసే హక్కూ పన్నెండు మందిది.

కొన్నేళ్ల క్రితం ఒక సభ్యురాలి భర్తకు ప్రమాదం జరిగింది. నాలుగు నెలలు ఆమె ఒక్క పైసా కట్టలేకపోయింది. సంఘం తీర్మానం రాసుకుని తన పొదుపు నుంచి ఆమె వంతు బ్యాంకుకు కట్టింది. వడ్లు అమ్మినాక ఆమె తెచ్చి తిరిగి ఇచ్చింది. బ్యాంకు లెక్కలో మా సంఘం ఒక్క వాయిదా తప్పలేదు. తీర్మానాల పుస్తకంలో మాత్రం ఆమె ఎందుకు ఆగిందో, ఎట్లా తీర్చిందో మొత్తం ఉంది. అన్న స్నేహితుడి పేరు పక్కన 14 నెలలు అని పడింది. ఎందుకు అన్న మాట పడటానికి అందులో గడి లేదు.

ఆ నాలుగు నెలల సంగతి ఆమె తోడికోడలికి ఈ రోజు వరకు తెలియదు. సమావేశంలో మాట్లాడిన బాకీ సంగతి బయట చెప్పిన వాళ్లకు 50 రూపాయల జరిమానా అని మేమే తీర్మానం పెట్టుకున్నాం. చాప మీద అంతా బహిరంగం. గడప దాటితే ఏమీ లేదు. ఆ 140 మందిలో ఎంతమందికి ఆ అప్పు భారం ఉందో ఒక్కసారి లెక్కపెట్టుకోండి అన్నా.

నగరజీవి | ఆదివారం, మధ్యాహ్నం 2:05

దయచేసి గ్రూపులో పెట్టకండి. ఎందుకంటున్నానో చెబుతాను.

2020లో మా తమ్ముడు హైదరాబాదులో చదువుకునేవాడు. ఫోనులో ఒక యాప్ నుంచి 5,000 అప్పు తీసుకున్నాడు, వారం గడువు. యాప్ పెట్టుకునేటప్పుడు అనుమతి అడిగితే సరే అని నొక్కాడు. అంతే, అతని ఫోనులోని నంబర్లన్నీ వాళ్ల చేతికి వెళ్లాయి. గడువు దాటిన మూడో రోజున 212 మందికి వాడి ఫొటో, కింద "దొంగ" అన్న మాట చేరాయి. వాడికి పాఠం చెప్పే మాస్టారికి, మా మేనత్తకు, ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చిన ప్లంబరుకు కూడా. ఆ 212 మందిలో ఒక్కరికీ మా తమ్ముడు రూపాయి బాకీ లేడు. వాడు గదిలోంచి బయటికి రావడానికి ఇరవై రోజులు పట్టింది. ఆ చలికాలంలో తెలంగాణలో కొందరు ప్రాణాలే తీసుకున్నారు. డిసెంబరులో పోలీసులు హైదరాబాదులో ఆ కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమాలు తెచ్చి, అప్పు యాప్‌లు ఫోనులోని నంబర్లు, ఫొటోలు, కాల్ వివరాలు ముట్టుకోకూడదని చెప్పింది. అప్పటికి మా ఇంట్లో జరగాల్సింది జరిగిపోయింది.

పోయిన ఏడాది మా పిన్ని కూతురి పెళ్లిచూపుల్లో అబ్బాయి తరఫువాళ్లు జాతకంతో పాటు క్రెడిట్ స్కోరూ పంపమన్నారు. అప్పు ఇవ్వడానికి పుట్టిన అంకె అది. పెళ్లిలో దానికేం పని? ఒకసారి బయటపడ్డ చిట్టా మనం అనుకున్న చోట ఆగదు.

పాలేరుగట్టు | ఆదివారం, సాయంత్రం 5:40

నగరజీవి గారి తమ్ముడికి జరిగింది ఘోరం. ఇక నాకు జరిగింది వినండి.

మా కాలనీలో ఒకాయన రిజిస్ట్రేషన్ లేని చీటీలు నడిపేవాడు. నేను ఇరవై నెలలు కట్టాను. పాట పాడిన డబ్బు చేతికి రాకముందే రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. నాకు పోయింది 2 లక్షల 40 వేలు. మా అమ్మ కంటి ఆపరేషన్ కోసం, ఇంటి పైకప్పు కోసం దాచుకున్నది. తర్వాత ఏం తెలిసిందంటే, అంతకుముందు అతను ఉన్న ఊళ్లోనూ ఇదే పని చేశాడట. ఆ సంగతి మా కాలనీలో ఎనిమిది మందికి తెలుసు. మరి చెప్పలేదేం అని ఒక్కొక్కరి గడప ఎక్కి అడిగాను. "ఒకరి విషయం మనకెందుకు", "పరువుగల కుటుంబం", "మారిపోయాడేమో అనుకున్నాం". ఎనిమిది మందీ మర్యాదస్తులే. ఆ మర్యాద ఖరీదు నేను కట్టాను.

గోప్యత అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ ఎనిమిది గడపలే గుర్తొస్తాయి. అతను మూడో మనిషిని అడుగుతున్నాడని మీకు తెలిసి కూడా మాట్లాడకపోతే, రేపు ఆ మూడో మనిషి మీ గడప ఎక్కినప్పుడు ఏం చెబుతారు?

కృష్ణాతీరం | ఆదివారం, రాత్రి 9:20

ఉదయం నుంచి అన్నీ చదువుతున్నాను. నగరజీవి గారి పోస్టు చదివాక ఫోను పక్కన పెట్టేశాను. పాలేరుగట్టు గారి పోస్టు చదివాక మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. మెతుకుసీమ చెల్లెమ్మ చెప్పినట్టు లెక్కపెట్టాను. భారం ఉన్నవారు నాతో కలిపి ముగ్గురు. పడబోయేవాడు ఒకడు. మిగిలిన 136 మందికి ఏ సంబంధమూ లేదు.

నల్లకోటు | సోమవారం, ఉదయం 7:30

న్యాయవాదిని. మీ లెక్క చట్టానికి చాలా దగ్గరగా ఉంది, అందుకే రాస్తున్నాను.

పరువు నష్టం నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షనులో ఉంది, పాత శిక్షాస్మృతిలో 499. దానికి పది మినహాయింపులున్నాయి. పదోది ఇలా ఉంటుంది. ఒకరి గురించి మరొకరిని సద్బుద్ధితో హెచ్చరించడం, ఆ హెచ్చరిక వినేవారి మేలు కోసమో, ప్రజల మేలు కోసమో అయితే, పరువు నష్టం కాదు. అప్పు ఇవ్వబోతున్న మనిషిని పక్కకు పిలిచి చెప్పడం ఈ మినహాయింపు కిందికి సులువుగా వస్తుంది. 140 మంది ముందు కాగితం పెడితే అది హెచ్చరికా, కక్షా అని నిరూపించుకునే బరువు మీ మీద పడుతుంది. పైగా ఆ నివేదికలో మీ వివరాలూ ఉంటాయి.

అయితే అప్పుల సంగతి ఎప్పుడూ గుట్టుగానే ఉండాలని నేను అనను. 25 లక్షలు, ఆపైన బాకీపడి, కట్టగల స్తోమత ఉండీ కట్టనివారిని ఉద్దేశపూర్వక ఎగవేతదారులంటారు. అలాంటివారిపై బ్యాంకులు దావా వేసిన ఖాతాల జాబితాలు క్రెడిట్ సమాచార సంస్థల వెబ్‌సైట్లలో ఎవరైనా చూడవచ్చు. బ్యాంకుల తనిఖీ నివేదికలు, ఎగవేతదారుల వివరాలు సమాచార హక్కు కింద ఇవ్వాల్సిందేనని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు రిజర్వు బ్యాంకుకు చెప్పింది. అది డిపాజిటుదారుల సొమ్ము కాబట్టి భారం అందరిదీ, చూసే హక్కూ అందరిదీ. మెతుకుసీమ గారి చాప అంత పెద్దదయిందన్నమాట. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను, అంటే వ్యక్తిగత సమాచారానికి ఇచ్చిన మినహాయింపును, మార్చి ఆ చాపను చుట్టేస్తుందేమోనన్న భయం నాకుంది. రైతు బాకీ పదివేలైనా ఊరంతా తెలిసిపోతుంది. కోట్ల బాకీ వ్యక్తిగత సమాచారమైపోతే ఎలా?

మరో తీర్పు మన దగ్గరే పుట్టింది. ఒక ఖాతాను మోసపూరితమని బ్యాంకు ముద్ర వేసే ముందు ఆ మనిషి వాదన వినాలని తెలంగాణ హైకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. 2023 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మచ్చ వేసే ముందు మాట వినాలి. మీ స్నేహితుడి మాట మీరు విన్నారా? మీ పోస్టులో ఎక్కడా కనబడలేదు.

పల్నాటిమొగ్గ | సోమవారం, ఉదయం 10:45

అందరూ మెతుకుసీమ గారి చాపను మెచ్చుకుంటున్నారు. నా మనసు ఒప్పుకోవడం లేదు.

2010లో నేను ఇంటర్ చదువుతున్నాను. మా అమ్మ సూక్ష్మరుణ సంస్థ గ్రూపులో ఉండేది. ఒకరికి ఒకరు హామీ, వారం వారం వాయిదా. మెతుకుసీమ గారు చెప్పినట్టే భారం అందరిదీ, చిట్టా అందరికీ బహిరంగమే. ఒక వారం మా అమ్మ దగ్గర డబ్బు లేదు. ఏజెంటు ఒక్క మాట అనలేదు. గ్రూపులోని మిగతా ఆడవాళ్లను తీసుకొచ్చి మా గడప ముందు కూర్చోబెట్టాడు, అంతే. మా అమ్మతో కలిసి పొలం పనికి వెళ్లేవాళ్లే. పొద్దున నుంచి చీకటి పడేదాకా కూర్చున్నారు. అమ్మ పెళ్లినాటి ఇత్తడి బిందెలు ఆ రోజే అమ్మేసింది. ఆ తర్వాత వాళ్లలో ఎవరితోనూ మునుపటిలా మాట్లాడలేదు.

ఆ అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, 2011లో అది చట్టమైంది. వడ్డీ అసలును మించకూడదని, వసూలు ఇంటి దగ్గర కాదు, గ్రామ పంచాయతీ కార్యాలయం దగ్గరో, నిర్ణయించిన బహిరంగ స్థలంలోనో జరగాలని అందులో ఉంది. అప్పట్లో నాకు అర్థం కాలేదు. నలుగురిలో కట్టమంటే ఇంకా సిగ్గు కదా అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది. పంచాయతీ దగ్గర నలుగురి కళ్లూ ఏజెంటు మీద ఉంటాయి. గడప దగ్గర నలుగురి కళ్లూ మా అమ్మ మీద ఉన్నాయి.

భారం ఉన్నవారికే చూసే హక్కు అన్నంత మాత్రాన సరిపోదు. మా గడప ముందు కూర్చున్న వాళ్లందరికీ భారం ఉంది.

మెతుకుసీమ | సోమవారం, రాత్రి 8:10

చెల్లీ, నీ పోస్టు మధ్యాహ్నం చదివాను. జవాబు రాయడానికి రాత్రయింది. నేను చెప్పింది సగమే. నువ్వు మిగతా సగం చూపించావు.

ఆ గ్రూపుల్లో కట్టే బాధ్యత మీ అమ్మ వాళ్లది. ఆగే అధికారం వాళ్లకు లేదు. "ఈమె కష్టంలో ఉంది, రెండు నెలలు ఆగుదాం" అని తీర్మానం రాసుకునే పుస్తకం వాళ్ల చేతిలో లేదు, వాడుకోవడానికి సొంత పొదుపూ లేదు. మా దగ్గర ఆ నాలుగు నెలలు గడిచింది మా మంచితనం వల్లే అనుకున్నాను ఇన్నాళ్లూ. పెట్టెలో పొదుపు ఉండబట్టి మంచిగా ఉండగలిగాం. అది లేకపోతే మేమూ ఎవరి గడప ముందైనా కూర్చునేవాళ్లమేమో. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

డాలస్‌తెలుగు | మంగళవారం, ఉదయం 4:25

అమెరికాకు వచ్చిన కొత్తలో నాది దీనికి తలకిందులైన అనుభవం. మంచీ లేదు, చెడూ లేదు, అసలు చిట్టాయే లేదు. ఇండియాలో ఎన్ని అప్పులు తీర్చినా ఇక్కడ పనికిరాలేదు. డిపాజిటు కట్టి కార్డు తీసుకుని మొదటి నుంచి పేరు సంపాదించుకోవాల్సి వచ్చింది. మీకు పనికొచ్చే సంగతి ఒకటి చెబుతాను. ఇక్కడ 1970 నుంచి దీనికో చట్టం ఉంది. మన చిట్టా చూసి అప్పు నిరాకరిస్తే ఆ సంగతీ, ఏ సంస్థ నివేదిక చూశారో ఆ పేరూ మనకు తెలియజేయాలి. చెడ్డ నమోదుల్లో చాలావాటిని ఏడేళ్ల తర్వాత నివేదికలో చూపకూడదు, దివాలాకు పదేళ్లు. తప్పు చేసిన మనిషికి ఒక తేదీ కనిపిస్తుంది, ఆ తేదీ దాటితే మళ్లీ మొదలుపెట్టవచ్చని. వాట్సాప్ గ్రూపులో పెట్టిన కాగితానికి ఆ తేదీ ఉండదు.

నిర్వాహకులు | మంగళవారం, మధ్యాహ్నం 1:00

ఆ ప్రెస్ పేరు, వీధి పేరు చెప్పమని ఒక సభ్యుడు అడిగారు, మరొకరు ఊహించి ఒక పేరు రాశారు. రెండు పోస్టులూ తొలగించాం. తొలగించామన్న సంగతి దాచడం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

కృష్ణాతీరం | బుధవారం, రాత్రి 10:15

నల్లకోటు గారి చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందుకే నిన్న సెలవు పెట్టి వెళ్లాను.

అతను ఇప్పుడు బస్టాండు దగ్గర చిన్న గదిలో జిరాక్స్ మిషను నడుపుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత బల్ల సొరుగు లాగి మూడు కవర్లు నా ముందు పెట్టాడు. మూడూ బ్యాంకు నుంచి నా పేరు మీద వచ్చినవే. హామీ పత్రంలో నా చిరునామా గడిలో ప్రెస్ చిరునామా ఉంది. ఫారం నింపింది అతను, చదవకుండా సంతకం పెట్టింది నేను. ఉత్తరాలు అక్కడికే వచ్చాయి. "ఈ నెల కట్టేసి, తర్వాత నీకిచ్చి క్షమాపణ చెబుదామనుకున్నాను. ప్రతి నెలా అదే అనుకున్నాను" అన్నాడు. కవర్లు విప్పలేదు. ఒక్కటీ చించలేదు, పారేయలేదు.

కాబట్టి బ్యాంకు ఉత్తరం రాయలేదని నేను ఆదివారం రాసింది తప్పు. నలుగురిలో గొంతు పెంచి మాట్లాడిన ఇంకో బ్యాంకు అధికారి మీద నా బాధ అలాగే ఉంది. కానీ ఇది మాత్రం నేను సరిదిద్దుకోవాలి.

అతను ఇంకొకటి అన్నాడు. "ప్రతి సంక్రాంతికీ నువ్వు అడుగుతావని చూశాను. అడగలేదు. తెలిసే అడగడం లేదేమో అనుకున్నాను." నిజమేమిటంటే నేను తెలుసుకోకూడదనే అడగలేదు. అడిగితే కట్టాల్సి వస్తుందని నాకు లోపల తెలుసు.

గ్రూపులో ఏమీ పెట్టలేదు. ఆ మూడో మనిషికి ఇద్దరం కలిసి నా ఫోను నుంచి చేశాం. ప్రెస్ సంగతి, బకాయి, ఇంతకుముందు తీసుకున్న రెండు చేబదుళ్లు, అన్నీ అతనే తన నోటితో చెప్పాడు. అవతలి వాడు కాసేపు ఊరుకుని, 50 వేలు అడిగావు, 10 ఇస్తాను, తిరిగి ఇవ్వకు అన్నాడు. ఇతను వద్దన్నాడు.

పాలేరుగట్టు | బుధవారం, రాత్రి 10:50

మీరు వెళ్లినందుకు సంతోషం. అయినా అడుగుతాను. రేపు మీకు తెలియని నాలుగో మనిషిని అడిగితే?

కృష్ణాతీరం | గురువారం, ఉదయం 6:10

ఆ మాట అతనితోనే అన్నాను. నేను దండోరా వేయను, కానీ ఎవరైనా నన్ను అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాను, ఆ సంగతి నీకు ముందే తెలియాలి అని. సరే అన్నాడు. నాలుగో మనిషి నన్ను అడగకపోవచ్చు, నిజమే. అంతకు మించి నా చేతిలో ఏముందో నాకు తోచలేదు. మీ ఎనిమిది మందిలో కనీసం ఒకడిగా మాత్రం ఉండను.

పాలేరుగట్టు | గురువారం, ఉదయం 6:25

ఆ ఎనిమిది మందిలో ఒక్కరు నేను అడిగినప్పుడు చెప్పి ఉన్నా నా డబ్బు నిలిచేది. ఇప్పుడు ఆలోచిస్తే, చీటీలో చేరే ముందు నేను ఎవరినీ అడగలేదు.

లెక్కలపుస్తకం | గురువారం, ఉదయం 9:00

ఇక పని సంగతి చూద్దాం. బ్యాంకుకు వెళ్లి ముందు చిరునామా మార్పించండి, రాతపూర్వకంగా. బకాయి ఎంతో లిఖితంగా తీసుకోండి. "సెటిల్‌మెంట్ చేసుకోండి, కొంత తగ్గిస్తాం" అంటారు. అలా చేస్తే నివేదికలో "సెటిల్డ్" అని పడుతుంది, అది మళ్లీ మచ్చే. వీలైతే పూర్తిగా కట్టి "క్లోజ్డ్" అని నమోదు చేయించి, బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకోండి.

మీరు కట్టిన ప్రతి రూపాయికీ రసీదు దాచండి. కాంట్రాక్టు చట్టం 140వ సెక్షను ప్రకారం అప్పు తీర్చిన హామీదారుకు బ్యాంకుకు ఉన్న హక్కులన్నీ వస్తాయి. 141 ప్రకారం ఆ అప్పుకు తనఖాగా ఉన్న వస్తువు మీద కూడా. అంటే ప్రింటింగ్ మిషను. అది ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో కనుక్కోండి. మిషను మీద ఉండే నంబరు ప్లేటు ఫొటో తీసి, తనఖా పత్రంలోని నంబరుతో సరిచూడండి. ఈసారి చదివి సంతకం పెట్టండి.

కృష్ణాతీరం | గురువారం, రాత్రి 8:30

మిషను అమ్ముడుపోలేదు. అతని మేనమామ షెడ్డులో టార్పాలిన్ కింద ఉందట. ఆదివారం ఇద్దరం వెళ్తున్నాం, వెంట ఒక మెకానిక్‌ను తీసుకెళ్తాం.

నిర్వాహకులకు ఒక విన్నపం. నా మొదటి పోస్టులో "ఒక్క ఉత్తరం రాలేదు" అన్న వాక్యం తీసేయగలరా?

నిర్వాహకులు | గురువారం, రాత్రి 9:05

తీయలేమండీ. దాని మీద నలుగురు జవాబులు రాశారు, అది పోతే వారి మాటలకు అర్థం ఉండదు. వాక్యాన్ని అలాగే ఉంచి కింద మీ సవరణ చేర్చాం. ఒకసారి చూసి సరిగ్గా ఉందో లేదో చెప్పండి.